గానుగ దాటిన గీత

ఒక ముగ్గుపిండి గీత ఊరిని రెండు ముక్కలు చేసింది. ఆ గీతలో సగం ముగ్గులామెది. మిగతా సగం ఎవరిదో ఆమెకు తెలియదు.

ముందు ఆ ఊరి సంగతి చెప్పాలి. అక్కడ ఏ దేవుణ్ణి కొలిచేవాళ్ళయినా పొద్దున్నే వాకిలి చిమ్మి ముగ్గు వేస్తారు. వేసిన ముగ్గును ఎవరూ తొక్కరు. పెళ్ళి ఊరేగింపు వచ్చినా, పాడె వచ్చినా, ముగ్గు ఎదురైతే పక్కకి తిరిగి పోవాల్సిందే. వేసిన మనిషి తప్ప ఇంకొకరు దాన్ని చెరపకూడదు. ఆ ఊళ్ళో దొంగ కూడా ముగ్గు చుట్టూ తిరిగే లోపలికి వెళతాడని పక్క ఊళ్ళవాళ్ళు నవ్వుకుంటారు.

ముగ్గులామె ఇల్లు పెద్దవీధి మొదట్లో ఉంది. ఇంటి వెనకే ముగ్గురాయి తవ్వే గుంత. రాయి తెచ్చి, రోట్లో దంచి, జల్లించి, గోతంలో పోసి వీపున వేసుకుని ఊరంతా తిరిగి అమ్ముతుంది. నడివయసు మనిషి. మాట పొదుపు, నడక జోరు. వీధికి తూర్పున ఆమె ఉంటుంది, పడమర ఆమె అక్క ఉంటుంది. అక్క కళ్ళకి పొర కమ్మింది. మధ్యాహ్నమయ్యేసరికి చెల్లెలు వెళ్ళి ముద్ద కలిపి పెట్టాలి. ఇంకెవరు పెట్టినా అక్క తినదు. ఉప్పు తక్కువంటుంది, లేకపోతే ఎక్కువంటుంది.

ఒకరోజు ఎలుక గోతం మూల కొరికింది. ముగ్గులామె చూసుకోలేదు. వీధి మధ్యగా నడిచి, సగం దూరంలో ఉన్న నూనె గానుగ దాకా వచ్చేసరికి వీపు తేలికైంది. వెనక్కి తిరిగితే ఇంటి నుంచి గానుగ దాకా తెల్లటి గీత. ఎంత పిండి పోయిందో చూసుకుని ఎలుకని తిట్టింది. చిల్లుకి గుడ్డపేలిక కట్టి, గానుగ పక్క సందులోకి మళ్ళి తన పని తాను చూసుకుంది.

మర్నాడు పొద్దున ఆ గీత గానుగ దాటి పోయింది. వీధి చివర రేవు మెట్ల దాకా, నీళ్ళు తగిలే దాకా పోయింది. ఒక కొసన గుంత, ఇంకో కొసన ఏరు. చుట్టూ తిరిగి వెళ్ళడానికి దారి లేదు.

తూర్పు వైపు నుంచి పాలామె చెంబులతో వచ్చి, గీత దగ్గర ఆగి, అటూ ఇటూ చూసింది. తొక్కకూడదు కదా. ఎవరి ముగ్గో ఏమో, మధ్యాహ్నానికి ఎత్తేస్తారులే అనుకుని వెనక్కి వెళ్ళింది. పడమటి వైపు నుంచి బట్టలు ఉతికే ఆమె మూటతో వచ్చి, అలాగే ఆగి, అలాగే వెళ్ళింది. మొదటి రోజు జరిగింది అంతే. మర్యాద కొద్దీ ఎవరూ గీత దాటలేదు.

పడమటి పిల్లలకి పాలు రాలేదు. తూర్పు వాళ్ళకి కట్టుకోవడానికి ఉతికిన బట్ట లేదు. పాలెందుకు పంపలేదని పడమర నుంచి ఒకరు అరిచారు. బట్టలెక్కడని తూర్పు నుంచి ఇంకొకరు అరిచారు. మీ పాలల్లో నీళ్ళే ఎక్కువ, రాకపోతే పీడా పోయిందని పడమటివాళ్ళు అన్నారు. మీ ఉతుకు సంగతి మాకు తెలీదా, మురికి మాకిచ్చి మెరుపు మీరు ఉంచుకుంటారని తూర్పువాళ్ళు అన్నారు. అంతకు ముందు కూడా ఇవే మాటలు అనుకునేవాళ్ళు. కానీ ఒకరి అరుగు మీద ఒకరు కూర్చుని అనుకునేవాళ్ళు. గీతకి అటూ ఇటూ నిలబడి అంటే అవే మాటలు వేరుగా వినిపించాయి.

ముగ్గులామె గానుగ అరుగు ఎక్కి ఉన్నదున్నట్టు చెప్పింది. గోతం కారిందని, గీత తనదేనని.

"పడమటోళ్ళు చెప్పమన్నారా?" అన్నాడు తూర్పు మనిషి.

"మీ వాళ్ళని వెనకేసుకు రాక ఏం చేస్తావులే," అంది పడమటి మనిషి.

గానుగాయన మెల్లగా అడిగాడు. "సరేనమ్మా, గానుగ దాకా నీదే అనుకుందాం. గానుగ అవతల ఎవరిది?"

అది తనకీ తెలియదంది. దాంతో ఆమె చెప్పిన మొదటి మాట కూడా అబద్ధమైపోయింది.

నా సగం నేను చెరుపుకుంటానని, పొద్దుపోయాక చీపురు తెచ్చి గానుగ దాకా ఊడ్చేసింది. మర్నాడు చూస్తే గీత మళ్ళీ ఉంది. ఈసారి లావుగా ఉంది. మళ్ళీ ఊడ్చింది, మళ్ళీ వచ్చింది. గోతం తీసి చూసుకుంది. పేలిక కట్టినట్టే ఉంది. నిద్రలో లేచి నడుస్తున్నానా అని తన పాదాలు చూసుకుంది. తెల్లగానే ఉన్నాయి. ముగ్గు దంచే మనిషి పాదాలు ఎప్పుడూ తెల్లగానే ఉంటాయి, దాన్నిబట్టి ఏం తేలుతుంది? కొన్నాళ్ళకి ఆ మొదటి సగమైనా తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది.

అప్పుడు గొడుగాయన వచ్చాడు. ఎండా లేదు, వానా లేదు, గొడుగు మాత్రం వేసుకునే ఉంటాడు. వెంట ఒక ముక్కాలిపీట. పొద్దున తూర్పున పీట వేసుకుని ఎక్కుతాడు, సాయంత్రం పడమర వేసుకుని ఎక్కుతాడు. గొంతు పెంచడు. గీత ఊరికే పుట్టదంటాడు. ఇది ఇవాళ్టిది కాదు, మీ తాతల నాటి నుంచీ నేల కింద ఉన్నదే, ఇప్పుడు పైకి తేలిందంటాడు. వింటుంటే నిజమే కాబోలు అనిపించేది. ముగ్గులామెకి కూడా ఒక పూట అనిపించింది.

ఆయన రెండు పక్కలా కనిపిస్తున్నాడని గమనించి ఆమె ఒకరోజు అడిగింది.

"గీత ఎలా దాటుతున్నారు బాబుగారూ?"

"నేను దాటడమేమిటమ్మా," అన్నాడాయన. "నాకు రెండు పక్కలా ఇళ్ళున్నాయి."



ఆ తర్వాత ముగ్గుపిండి కొనేవాళ్ళు తగ్గారు. రాళ్ళు కావాలని వచ్చారు. దంచొద్దు, గుండ్రాళ్ళుగానే ఇవ్వమన్నారు. ఎందుకని అడిగితే తూర్పువాళ్ళు చెప్పలేదు. ఇవ్వనంటే తామే గుంతలోకి దిగి తట్టలతో మోసుకుపోయారు. పడమటివాళ్ళు ఊరి వెలుపల నుంచి గుంత అవతలి గట్టు దిగి తవ్వుకున్నారు. గుంతలో ఆ పక్క వాళ్ళూ ఈ పక్క వాళ్ళూ వీపులు తగిలేంత దగ్గరగా నిలబడి తవ్వుకుంటూ, ఒకరినొకరు చూడనట్టే ఉన్నారు, తమ గట్టు మాత్రం అవతలివాళ్ళని ఎక్కనివ్వలేదు. వీధికి రెండు పక్కలా తెల్లరాళ్ళ కుప్పలు లేచాయి.

ముగ్గులామెకి కుప్పల కంటే అక్క గురించే దిగులు. గీత పడినప్పటి నుంచీ ముద్ద పెట్టడం కుదరలేదు. నలుగురూ చూస్తుండగా ఎలా తొక్కుతుంది? ముద్ద పెట్టమని పడమటి పక్కింటామెను కేకేసి బతిమాలుకుంది. ఆమె పెట్టింది. అక్క పూటకి రెండు మెతుకులు కతికి ఇక వద్దనేది. గిన్నె తోసేసేదట. ముసలిది చిక్కిపోతోందని పక్కింటామె గీత అవతల నుంచి అరిచి చెప్పింది. ఆ మనిషితో అంత మాటలేమిటని తూర్పువాళ్ళు ముగ్గులామెని గదమాయించారు.

చివరికి అక్కే వచ్చింది. మిట్టమధ్యాహ్నం, ఒక చేత కర్ర, ఇంకో చేత ఖాళీ గిన్నె. గీత ఉందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా కనపడదు. కాళ్ళు ఈడ్చుకుంటూ వీధిలోకి దిగి, సరిగ్గా గీత మీద నిలబడి కేకేసింది.

"ఏమేవ్, ముద్ద ఏదే? బతికే ఉన్నావా?"

 ఈడ్చిన కాలి కింద గీత జానెడు మేర చెరిగిపోయింది. తూర్పువాళ్ళ లెక్కలో పడమటి మనిషి గీత తొక్కింది. పడమటివాళ్ళ లెక్కలో తమ ముసలిదాన్ని తూర్పువాళ్ళు మాడ్చి చంపుతున్నారు. గొడుగాయన పీట మీద నుంచి ఒక్క మాటే అన్నాడు. "చూశారుగా." చేతులు కుప్పల మీదికి పోయాయి.

ముగ్గులామె గోతం వేసుకుని అక్క దగ్గరికి పరిగెత్తింది. ధైర్యమేమీ కాదు. ఏం చేయాలో తెలియక, చిన్నప్పుడు అమ్మ చేయించినట్టే చేసింది. ఆ ఊళ్ళో ముగ్గును పొరపాటున ఎవరైనా తొక్కితే తిట్టరు. తొక్కిన కాలిని కదపనివ్వకుండా చుట్టూ చుక్కలు పెట్టి, ఆ అడుగును కూడా ముగ్గులో కలిపేస్తారు. పసిపిల్ల తొక్కినా అంతే, దూడ తొక్కినా అంతే. ఇది ఊళ్ళో అందరికీ తెలుసు. తొక్కకూడదన్న సగమే గుర్తుంచుకుని రెండో సగం మరిచిపోయారు.

ఆమె గొంతుక్కూర్చుని పిడికిట్లోంచి పిండి వదులుతూ అక్క కాలి చుట్టూ చుక్కలు పెట్టింది.

"కాలు కదపకు."

"ముద్దో?"

"పెడతా. కదపకు ముందు."

తొందరలో ఒక చుక్క పక్కకి పడింది. రాయి పట్టుకుని నిలబడ్డ పాలామె అది చూసింది. చూసి ఊరుకోలేకపోయింది. "చుక్క ఎడంగా పడిందొదినా," అంది. ముగ్గులామె వినిపించుకోలేదు. పాలామె కాసేపు తటపటాయించి దగ్గరికొచ్చింది. రాయి పట్టుకున్న చేత్తో ముగ్గు వెయ్యడం కుదరదు. రాయి కింద పెట్టింది, చుక్క సరిచేసింది.

అవతల నుంచి బట్టలు ఉతికే ఆమె, ఈ పక్క వరసకి ఆ పక్క కూడా చుక్కలుండాలి కదా, లేకపోతే అదేం ముగ్గని విసుక్కుంది. విసుక్కుంటూనే వచ్చి పడమర చుక్కలు పెట్టింది. అత్తర్లు అమ్మే తాత, మోకాళ్ళు వంగవు గనక, నిలబడే పైనుంచి పిండి వదిలాడు. గాలికి అది ఎటో పోయింది. అందరూ నవ్వారు. చుక్కలు పెట్టాక కలపాలి. తూర్పు నుంచి బయల్దేరిన మెలిక పడమటి చుక్క చుట్టూ తిరిగి రావాలి. చెయ్యి అవతలికి వెళ్ళక తప్పదు. మెలిక కుడికి తిప్పాలా ఎడమకి తిప్పాలా అని తగువు పడ్డారు. క్షమించమని ఎవరూ అడగలేదు. అడగడానికి తీరిక లేదు.

గోతంలో పిండి అయిపోయింది. వీధిలో సగం ముగ్గు అలాగే ఉంది. గానుగాయన కుప్పలోంచి ఒక రాయి తీసి చిదిపి చూశాడు. మంచి మెత్తటి రాయి. ఆ తర్వాత ఇళ్ళల్లోంచి రోకళ్ళు వచ్చాయి. విసరడానికి తవ్వుకొచ్చిన రాళ్ళని రెండు పక్కలవాళ్ళూ పొద్దు వాలేదాకా దంచారు.

గొడుగాయన పీట మీదే ఉన్నాడు. ముగ్గు ఆయన దాకా వచ్చింది. పీట కాళ్ళను చుక్కలుగా తీసుకుని చుట్టూ మెలికలు తిప్పి ముందుకు పోయింది. కొంగు దులుపుకుంటూ ఒకామె తల ఎత్తి, గొడుగు నీడ పడుతోంది, కాస్త పక్కకి పట్టుకోండి బాబుగారూ అంది. ఆయన పక్కకి పట్టుకున్నాడు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. దీపాల వేళకి దిగి, పీట చంకన పెట్టుకుని, ముగ్గును అడ్డంగా తొక్కుకుంటూ రేవు వైపు వెళ్ళిపోయాడు. ఆయన తొక్కడం ఊరంతా చూసింది.  ఇద్దరు వెనకాలే వెళ్ళి, ఒక్కొక్క అడుగు చుట్టూ చుక్కలు పెట్టి ముగ్గులో కలిపేశారు.

అక్క గానుగ అరుగు మీద కూర్చుని ముద్ద తింది. ఉప్పు ఎక్కువైందంది.

ముగ్గులామెకి ఒక్క సంగతి మాత్రం తేలలేదు. గానుగ దాటాక గీత గీసిన చెయ్యి ఏది? ఊడ్చిన గీతని మళ్ళీ వేసిందెవరు? ఆ చేతికి పిండి అంటి ఉంటుంది కదా అని వీధిలో అందరి చేతులూ చూసింది. పాలామెవి, గానుగాయనవి, తాతవి, అందరివీ మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి. తనవీ అంతే. ఇక వెతకడం మానేసింది.

మర్నాడు వీధి ఊడ్చారు. పాలు పడమరకి, బట్టలు తూర్పుకి వెళ్ళాయి. ముగ్గులామె సూదీ దారం తీసుకుని గోతం ముందు కూర్చుంది. గుడ్డపేలిక విప్పింది. చిల్లును అటూ ఇటూ తిప్పి చూసింది. సూదిని మళ్ళీ గోడలోని చెక్కకి గుచ్చేసి, గోతం నింపి వీపున వేసుకుని బయల్దేరింది.

ఆ రోజు గానుగ వైపు వెళ్ళలేదు, రేవు సందులోకి వెళ్ళింది. మర్నాడు ఇంకో సందు. ఎటు వెళితే అటు వెనక సన్నగా ఒక తెల్లగీత. ఒకదాని మీద ఒకటి పడుతూ, ఒకరి వాకిలి ముగ్గులోంచి ఇంకొకరి వాకిట్లోకి పోతూ ఉండేవి. పొద్దున్నే జనం తిట్టుకుంటూ లేచి, తొక్కి, చుక్కలు పెట్టి, కలుపుకునేవాళ్ళు. నీ గోతం కారుతోందమ్మా అని దారినపోయేవాళ్ళు చెబుతూనే ఉండేవాళ్ళు. తెలుసనేది.

పిండంతా వీధుల పాలు చేస్తున్నావు, ఆ చిల్లు కుట్టుకోలేవా అని అక్క రోజూ ముద్ద ముందు సతాయించేది. రేపు కుడతానని చెల్లెలు రోజూ చెప్పేది.

అక్క పోయింది. గోతాలు ఎన్నో మారాయి. కొత్త గోతం వచ్చినప్పుడల్లా ముగ్గులామె గోడలోంచి సూది తీసి, గోతం మూల పట్టుకుని, తన చేత్తో చిల్లు పొడిచేది.