మాట మానేసిన ఊసులవాగు

అనగనగా అంటే ఎప్పుడని నన్ను అడక్కండి. పిట్టలు మనుషులతో ముఖాముఖి మాట్లాడే కాలం. మనుషులు కూడా పనులు ఆపుకుని వాటి మాట వినే కాలం. ఆ కాలంలో సింగారవరం అని ఒక చిన్న రాజ్యం ఉండేది.

ఆ రాజ్యం వాళ్ళకు ఒక అలవాటు. మంచిదో చెడ్డదో మీరే తేల్చుకోండి. వాళ్ళకు ఏదైనా నచ్చిందా, దాన్ని ముస్తాబు చెయ్యకుండా ఊరుకోలేరు. రోలు నచ్చితే రోలుకు పసుపు పూసి బొట్టు పెట్టేవారు. దూడ నచ్చితే దాని మెడలో గంట, కాళ్ళకు గజ్జెలు. ఒకాయనకు తన పెరట్లో కాసిన గుమ్మడికాయ తెగ నచ్చేసింది. దానికి పట్టు తలపాగా చుట్టి, బండిలో పెట్టి ఊరంతా తిప్పాడు. నవ్వకండర్రా, నిజం!

ఊరికి పడమట, రెండు కొండల నడుమ ఒక చిట్టడవి ఉండేది. దాని పేరు ఊసులకోన. అందులో గొడ్డలి పెట్టకూడదు, వల వెయ్యకూడదు, వచ్చినవాళ్ళు నడిచి చూసి వెళ్ళిపోవాలని రాజుగారి నాయనమ్మ ఏనాడో ఆజ్ఞ వేసింది. కోనలో ఉన్నవి రెండే కాలిబాటలు. ఒకటి మద్దిచెట్ల కింద వాగు వెంటే పోయేది. ఇంకొకటి వెదురుపొదల మధ్యగా గుట్ట ఎక్కి, అటు నేరేడుచెట్ల దగ్గర మళ్ళీ వాగులోకే దిగేది.

ఆ వాగు సంగతి చెప్పాలి మీకు. మోకాటి లోతు కూడా లేదు గానీ, అబ్బో, ఎన్ని కబుర్లో! రాళ్ళ మీద గలగలమనేది. వంక తిరిగినచోట బుడబుడమనేది. మడుగులో కాసేపు ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ మొదలుపెట్టేది. ఎవరు విన్నా అది తమతోనే చెబుతున్నట్టు ఉండేది. అందుకే దాన్ని ఊసులవాగు అన్నారు. ఆకుల సందుల్లోంచి ఎండ పొడిపొడిగా నీళ్ళ మీద రాలేది. తూనీగలు గాలిలోనే కునుకు తీస్తున్నట్టు నిలబడిపోయేవి. ఆ బాట వెంట వెళ్ళేవాళ్ళకు తాము నడుస్తున్నామో, కలలో తేలుతున్నామో తెలిసేది కాదు.

సింగారవరాన్ని ఏలే రాజు చిత్రభూపాలుడు. ఆయనకు ఒక్కతే కూతురు, చెంగల్వ. తల్లి లేని పిల్ల. పాలపళ్ళు ఊడే ఈడు. ఆ ఏడు చెంగల్వకు పెద్ద జ్వరం వచ్చింది. ఆ జ్వరం పోతూ పోతూ పిల్ల నిద్రను కూడా పట్టుకుపోయింది.

పట్టుపరుపులు వేశారు. జోలపాటలు పాడారు. పాలలో గసగసాలు నూరి కలిపి పట్టారు. ఊహూఁ! కంటి మీద కునుకు రాలేదు. పిల్ల చిక్కి సగమైపోయింది. చివరికి రాజవైద్యుడు రాజును పక్కకు పిలిచి, "ప్రభూ, దాచి లాభం లేదు. నిద్ర పట్టకపోతే ఈ పసిప్రాణం నిలవదు" అన్నాడు.

ఏం చెయ్యాలో తోచక రాజు, కనీసం చల్లగాలి అయినా తగులుతుందని, పిల్లను ఊసులకోనకు తీసుకువెళ్ళాడు. చెయ్యి పట్టుకుని వాగు బాటలో మెల్లగా నడిపించాడు. కొంతదూరం పోయాక చెంగల్వ ఒక మద్దివేరు మీద కూర్చుని వాగు వైపు చెవి ఒగ్గింది.

"నాన్నగారూ, ఇది ఏదో చెబుతోంది."

"ఏం చెబుతోంది తల్లీ?"

"తెలియడం లేదు. చెబుతూనే ఉంది... చెబుతూనే..."

అంటూ అంటూనే తండ్రి ఒళ్ళో తల వాల్చి నిద్రపోయింది. రాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాళ్ళు తిమ్మిరెక్కినా పొద్దు వాలేదాకా ఆయన కదల్లేదు.

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం తండ్రీకూతుళ్ళు కోనకు వెళ్ళేవారు. వాగు కబుర్లు చెప్పేది, పిల్ల నిద్రపోయేది. బుగ్గలు మళ్ళీ నిండాయి. వైద్యుడి ముఖం విప్పారింది. కథ ఇక్కడితో అయిపోవలసిందే. కానీ వాళ్ళెవరు? సింగారవరం వాళ్ళు! రాజుకు కోన నచ్చింది. నచ్చితే ఊరుకుంటాడా?

ఒకనాడు చెంగల్వ అరికాలికి పల్లేరుకాయ గుచ్చుకుంది. రాజు విలవిల్లాడిపోయాడు. "నా బంగారుతల్లి నడిచే దారిలో ముళ్ళా!"

ఆయన వెనకే మంత్రి సుముఖుడు ఉన్నాడు. రాజు ఏమంటే దానికి తల ఊపడమే ఆయన ఉద్యోగం. "సెలవివ్వండి ప్రభూ! వాగులో నున్నటి రాళ్ళు బోలెడున్నాయి. అవన్నీ తీయించి బాటలో పరిపిద్దాం" అన్నాడు. బండ్ల కొద్దీ మనుషులు దిగారు. వాగులోని రాళ్ళు బాటకెక్కాయి. వాటి అంచుకు సున్నం కొట్టి, నడుమ రంగుల ముగ్గులు పెట్టారు. చూసినవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ మధ్యాహ్నం చెంగల్వకు నిద్ర ఆలస్యంగా పట్టింది.

"బాట ఇంత సింగారంగా ఉంటే, పక్కన వాగు ఆ వంకరలేమిటి?" అనుకున్నాడు రాజు. వంకలు లేకుండా కొట్టించాడు, మడుగులు పూడ్పించాడు. గీత గీసినట్టు తిన్నగా కాలువ తీయించి, ఆ గట్ల మీద బంతిమొక్కలు నాటించాడు. నీళ్ళు ఎక్కడా ఆగకుండా, ఎవరో తరుముతున్నట్టు సర్రున పోసాగాయి. ఆ మధ్యాహ్నం చెంగల్వ చిన్న కునుకు తీసి, ఉలిక్కిపడి లేచింది.

"నాన్నగారూ, వాగు మాట్లాడటం లేదు" అంది.

"మనం ఇంత బాగుచేశాం కదా అమ్మాయిగారూ, సంతోషంతో దానికి నోట మాట రావడం లేదు" అన్నాడు సుముఖుడు. చూశారా, ఎంత తెలివో!

మాటలు లేకపోతే పాటలు పెడదామన్నాడు రాజు. చెట్ల కొమ్మలకు వెండిగంటలు కట్టించాడు. ఆస్థాన విద్వాంసుడు నాదనిధిని పిలిపించి, గట్టు మీద పందిరి వేసి, జలతరంగం వాయించమన్నాడు. నాదనిధి వరుసగా గిన్నెలు పెట్టుకుని, నీళ్ళు నింపుకుని, పుల్లలతో తట్టి అచ్చం వాగులాగే పలికించబోయాడు. పాపం, బాగానే వాయించాడు. చెంగల్వ మర్యాదగా కూర్చుని మొత్తం వింది. ఆ మధ్యాహ్నం రెప్ప వెయ్యలేదు. మర్నాడూ వెయ్యలేదు. ఆ తరువాత కూడా వెయ్యలేదు.

పిల్ల బుగ్గలు మళ్ళీ పీక్కుపోయాయి. కాస్త నడిస్తే ఆయాసం. రాజు ఎత్తుకుని తిప్పవలసి వచ్చింది. వైద్యుడు వచ్చి నాడి చూసి తల దించుకున్నాడు.

రాజు కోనలో నిలబడి గొంతెత్తాడు. "ఏం తక్కువ చేశాను నేను? సుముఖా, నువ్వు చెప్పు!"

"తక్కువేమీ లేదు ప్రభూ... అంటే... ఎక్కువ కూడా..." అంటూ మంత్రి నీళ్ళు నమిలాడు.

"నాదనిధీ, నువ్వు?"

"ఇంకో రాగం ఎత్తుకోమంటారా ప్రభూ?" అన్నాడు విద్వాంసుడు భయం భయంగా.

అప్పుడు ఒక ఎండుకొమ్మ మీంచి పలుకు వినిపించింది. "రాజా, వాళ్ళు నీకు ఇష్టమైనదే చెబుతారు. నిజం కావాలంటే నన్నడుగు."

అది ఒక లకుముకిపిట్ట. నీలిరెక్కలు, పొడుగాటి ముక్కు.

"ఛీ పో! రాజుగారితోనా మాటలు?" అని సుముఖుడు చెయ్యి ఊపాడు.

"మడుగులు పూడ్చారు, చేపలు పోయాయి. నా పిల్లలు గట్టులోని బొరియలో ఆకలికి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఇక నాకు నీ భయమేమిటయ్యా?" అంది పిట్ట. తరువాత రాజు వైపు తిరిగింది. "వాగుకు నాలుక లేదు రాజా. రాయి తగిలినచోట దానికి మాట వస్తుంది. వంక తిరిగినచోట దానికి ఊపిరి ఆడుతుంది. రాళ్ళు తీసి బాట వేశావు. వంకలు తీసి కాలువ చేశావు. ఇప్పుడు మాట్లాడమంటే దేనితో మాట్లాడుతుంది?"

రాజు ముఖం ఎర్రబడింది. "అంతా నా కూతురి మీద ప్రేమతోనే చేశాను!"

"కాదని నేనన్నానా? నీ కూతురికి వాగు నచ్చింది. నీకు నీ చేతిపని నచ్చింది."

రాజు చేతుల్లో ఉన్న చెంగల్వ మెల్లగా తండ్రి గడ్డం పట్టుకుంది.

"నాన్నగారూ, బాట చాలా బాగుంది. గంటలు కూడా బాగున్నాయి. కానీ... నాకు వాగు కావాలి."

తండ్రి మనసు నొచ్చుకుంటుందని పిల్ల ఇన్నాళ్ళూ ఎంత ఓర్చుకుందో రాజుకు ఆ మాటతో అర్థమైంది. ఆయన గుండె కరిగి నీరైంది. చెంగల్వను మద్దివేరు మీద కూర్చోబెట్టాడు. చెప్పులు విడిచాడు, పంచె ఎగగట్టాడు. ఎవరినీ పిలవలేదు. బాటలోంచి ఒక రాయి తానే పెకలించి, ఎత్తుకుని, వాగులో దిగాడు. దిగి, అక్కడే దిక్కులు చూస్తూ నిలబడ్డాడు.

"ఏ రాయి ఎక్కడ ఉండేదో నాకు తెలియదే!"

"నాకు మాత్రం తెలుసా? వేసి ఊరుకో. ఎక్కడ సర్దుకోవాలో రాళ్ళూ నీళ్ళూ చూసుకుంటాయి. ఆ ఊరుకోవడమే మీ ఊరివాళ్ళకు చేతకాదు" అంది పిట్ట.

రాజు రాయి వదిలాడు. గుళుక్కుమంది.

"నాన్నగారూ, ఒక్క మాట అంది!" అని చెంగల్వ అరిచింది.

రాజు ఇంకో రాయి తెచ్చాడు. ఇంకొకటి. రాజుగారు బురదలో దిగి రాళ్ళు మోస్తున్నారన్న వార్త ఊళ్ళో గుప్పుమంది. జనం తండోపతండాలుగా వచ్చారు. గట్లు తవ్వి నీళ్ళను పాత వంకల్లోకి వదిలారు. మడుగుల్లోని మట్టి తట్టలతో తోడారు. సుముఖుడు కూడా తలపాగా తీసి తట్ట పట్టాడు. ఒక అవ్వ చక్కటి రాయి ఒకటి ఎత్తి, కొంగుతో తుడిచి, కుంకుమ భరిణె తీసి బొట్టు పెట్టబోయింది.

"వద్దు, అవ్వా!" అని రాజు దండం పెట్టినంత పని చేశాడు. అవ్వ నాలిక కరుచుకుని భరిణె రొంటిన దోపుకుంది.

ఒక్కో రాయీ పడుతుంటే వాగు ఒక్కో మాట కూడగట్టుకుంది. మొదట నత్తినత్తిగా, తరువాత గొణుగుడుగా, ఆపైన గలగలా. అది పాత పలుకు కాదు, కొత్త పలుకూ కాదు. రాళ్ళు మారాయి కదా మరి! పనిలో పడి ఎవరూ పొద్దు చూసుకోలేదు. ఎండ పసుపుపచ్చగా మారి చెట్ల మొదళ్ళ దాకా జారింది.

"ప్రభూ! అమ్మాయిగారు..." అని సుముఖుడు పిలిచాడు.

రాజు తడిసిన పంచెతో, పడుతూ లేస్తూ పరుగెత్తాడు. చెంగల్వ మద్దివేరు మీద ఒరిగిపోయి ఉంది. రాజు తన చేతిని ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. ఊపిరి వెచ్చగా, నిదానంగా తగిలింది. పిల్ల నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని, ఏదో కలలో నవ్వుకుంటూ, హాయిగా నిద్రపోతోంది.

ఎవరో పట్టుదిండు తెచ్చారు. ఇంకెవరో జరీశాలువ తెచ్చారు. రాజు తల అడ్డంగా ఊపాడు. చెంగల్వ జుట్టు మీద ఒక పండుటాకు రాలి పడింది. తీసేద్దామని రాజు చెయ్యి చాచాడు. అంతలో ఆగి, ఆ చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. బురద బట్టలతోనే నేల మీద చతికిలబడి, కూతురి పక్కన కూర్చుని వాగు చెప్పేది వినసాగాడు.

ప్రేమించినదాన్ని మన ముచ్చట కొద్దీ దిద్దడం కాదర్రా, దాని తీరున దాన్ని ఉండనివ్వడమే నిజమైన ప్రేమ.