పైడమ్మ కట్టిన ఈకపురుగు

అనగనగా కొండల నడుమ ఒక ఏరు, ఆ ఏటి మలుపులో లోతైన మడుగు. ఒడ్డున చిట్టెయ్య అనే జాలరి, అతని కూతురు పైడమ్మ ఉండేవారు. గాలానికి ఈక చుట్టి, అది పురుగేనని చేపను భ్రమింపజేసి పట్టడం వారి కులవిద్య. ఎర్రకోడి ఈక, ఈకనూ గాలాన్నీ తాడునూ ఒక్కటిగా బిగించే తాతల నాటి ముడి. అందులో వెంట్రుకవాసి మార్పు ఎవరూ చేసి ఎరుగరు.

ఆ ఏడు చిట్టెయ్య చేతులు వణకసాగాయి. ఆ సంగతి రాజుగారి చెవిన పడింది. ఆయన మడుగు దగ్గరికే వచ్చాడు.

"మీ ఇంట విద్య అడుగంటిందని విన్నాం. పొద్దుగుంకేలోగా ఒక కొర్రమీనును పట్టి చూపండి. లేకుంటే మడుగు ఎగువ ఊరివారికి ఇచ్చేస్తాం."

మడుగు పోతే నోటి దగ్గర కూడు పోయినట్టే. పైగా కొత్తనీరు దిగి ఏరంతా ఎర్రగా ఉంది.

తండ్రి చెప్పినట్టే పైడమ్మ ఈక కట్టి విసిరింది. ఎర్రనీటిలో ఎర్ర ఈక కలిసిపోయింది. ఒక్క చేపా కదలలేదు.

"అయ్యా, ఈక చేప కంటికి ఆనడం లేదు."

"మా తాత ఇలాగే కట్టాడమ్మా" అన్నాడు చిట్టెయ్య.

పొద్దు వాలుతోంది. కంగారులో పైడమ్మ పాతదంతా వదిలేసింది. నెమలి ఈక తెచ్చింది, పట్టుదారం చుట్టింది, తోచిన ముడి వేసింది. నీట పడగానే కొర్రమీను అందుకుంది. ఒక్క గుంజుకు ముడి ఊడింది. గాలంతో సహా చేప లోతుకు పోయింది.

భటులు నవ్వారు. సూర్యుడు కొండ అంచును తాకాడు. మిగిలింది ఒక్కటే గాలం.

పైడమ్మ లెక్క వేసుకుంది: చేప ఎందుకు వచ్చింది? ఈక కనబడి. ఎందుకు పోయింది? ముడి ఊడి.

"అయ్యా, నీ ముడే వేస్తాను. ఈక మాత్రం నన్ను ఎంచుకోనీ" అంటూ పైడమ్మ ఇసుకలో పడివున్న తెల్లకొంగ ఈకను అందుకుంది.

చిట్టెయ్య వణికే వేలు దారం మీద ఆనించాడు. "ఇక్కడ బిగించమ్మా. ఇంకొంచెం."

ఎర్రనీటిలో తెల్లగా కనబడే ఆ ఈకపురుగును ఆమె విసిరింది. నీళ్లు చెదిరాయి. తాడు నిగిడింది. ముడి నిలిచింది.

ఒడ్డున కొర్రమీను కొట్టుకుంటుంటే రాజు వంగి చూశాడు. "మడుగు మీదే. కానీ ఇది మీ పెద్దల ఎర కాదే?"

"ముడి పెద్దలదే, ప్రభూ. ఈక నాది" అంది పైడమ్మ.

పెద్దలిచ్చిన పట్టు విడవరాదు. అలాగని మన కళ్లు మనం మూసుకోనూ రాదు.