ఎల్లుండి గొడ్డళ్ళు

ఒకానొక రాజ్యంలో చండభానుడనే రాజుగారికి కావ్యాలు చెప్పే సరదా ఉండేది. ఆయన చెబుతుంటే లేఖకుడు తాటాకుల మీద రాసేవాడు. రాజాజ్ఞలు కూడా ఆ లేఖకుడే, అవే తాటాకుల మీద రాసేవాడు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

ఆయన కొత్త కావ్యం ఒక మాయాడవి కథ. అందులో చెట్లు మాట్లాడతాయి, గొడ్డలి పడితే ఏడుస్తాయి. కుఠారాసురుడనే రాక్షసుడు అడవిని నరికించబోతే ఒక మహారాజు వచ్చి వాడి తల తీస్తాడు. ఆ మహారాజు పోలికలన్నీ చండభానుడివే.

బాగానే ఉంది. మరి ఈ కావ్యం ఊరందరికీ వినిపించడానికి ఆయనకు నూరు స్తంభాల మంటపం కావాల్సివచ్చింది. స్తంభాల కోసం తూర్పుకొండ అడవిని కొట్టెయ్యమన్నారు. చెట్ల మీద జాలిపడే కథ వినడానికి చెట్లు నరకడమేమిటని సభలో ఒక్కరైనా అడిగారా? లేదు. అంతమంది పండితులు, అన్ని శాలువలు. ఏం లాభం?

ఆ కొండ మీద తేనె తీసి బతికే ఎర్రెమ్మ, ఆజ్ఞ రాసిన ఆకు పట్టుకుని కోటకు వచ్చింది. గుండయ్య ఎదురయ్యాడు. సభలో కావ్యాలు పైకి చదివి వినిపించడం అతని ఉద్యోగం.

"మా గూడెం పెద్ద చేతిలో పెట్టి పోయారయ్యా. ఏముంది ఇందులో?"

గుండయ్య చదివి చెప్పాడు.

"ఎల్లుండే గొడ్డళ్ళొస్తాయా? తేనెపట్టులన్నీ ఆ మద్దిచెట్లకే కదయ్యా. మేమేం తిని బతకాలి?"

"నేను కాదంటే నన్నూ తరిమేస్తారమ్మా. ఆ ఆకు నాకివ్వు. రేపు సభకు రా. కాదని రాజుగారి చేతే అనిపిద్దాం."

మర్నాడు నిండుసభలో గుండయ్య కావ్యం చదివాడు. రాక్షసుడు సింహాసనమెక్కే ఘట్టం రాగానే గొంతు మార్చాడు.

"కొండ మీద ఒక్క మాను మిగలకూడదు. పిట్టగూళ్ళున్నాయని ఆగొద్దు. వాగు ఎండితే ఎండనీ. అడ్డమొచ్చినవాళ్ళను కొండ దింపి తరమండి."

మంత్రి కళ్ళు తుడుచుకున్నాడు. ఒక పండితుడు, "ఛీ, వీడు మనిషి పుట్టుక పుట్టలేదు" అన్నాడు. రాజుగారు మీసం దువ్వారు.

"ప్రభూ, ఇంత కర్కశమైన మాటలు తమరే చెప్పారా?"

"మరెవరు చెబుతారయ్యా? ప్రతి అక్షరం మాదే."

"ఇలా అన్నవాణ్ణి ఏం చెయ్యాలంటారు?"

"తల తియ్యాలి. ఆ ఘట్టం ముందుంది, చదువు."

"శిక్ష కాస్త తగ్గించుకుంటే మంచిది ప్రభూ" అని గుండయ్య ఆకు పైకెత్తాడు. దాని చివర లక్క, లక్క మీద రాజముద్ర. "ఇది కావ్యంలోది కాదు. తూర్పుకొండకు తమరు పంపిన ఆజ్ఞ. నేనేమీ కలపలేదు."

రాజుగారి ముఖం కందిపోయింది. ఛీ అన్న పండితుడు శాలువ నెత్తిమీదికి లాక్కుంటూ కనిపించేసరికి మాత్రం ఆయనకు నవ్వాగలేదు.

"గుండయ్యా, మా కావ్యంలో రాక్షసుడు కూడా ఇంత బాగా కుదరలేదయ్యా" అంటూ చేతి కంకణం తీసి అతనికిచ్చారు. మంటపం మానేశారు. కొండ మీద గొడ్డలి పడకూడదని కొత్త ఆజ్ఞ రాయించి, ముద్ర వేసి, ఎర్రెమ్మకు ఇప్పించారు.

సభంతా నవ్వుతోంది. ఎర్రెమ్మ నవ్వలేదు. ఎందుకు నవ్వాలి? ఆకు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది కథలోదా అయ్యా, నిజందా?" అని గుండయ్యను అడిగింది.

రాజుగారి నవ్వు ఆగిపోయింది. "నిజందేనమ్మా" అని ఆయనే జవాబు చెప్పారు.

అప్పుడు నవ్వింది ఎర్రెమ్మ.