గొణుగుబోతులను పట్టే కొమ్ము

మాధవగిరిని ఏలే ఉగ్రభూపతికి చెవులు మందగించాయి. ఆ మాట ఆయన ముందు అనే ధైర్యం ఎవరికుంది? "ప్రజలకు పొగరెక్కి గొణుగుతున్నారు. గొణిగినవాణ్ణి కొరడాతో కొట్టండి!" అని ఆజ్ఞ జారీచేశాడు. పాపం, జనం అరిచి అరిచి గొంతులు పోగొట్టుకున్నారు.

కొమ్ముతో దువ్వెనలు చేసే నాంచారి మొగుడూ అలాగే గొంతు పోయి, గొణుగుబోతని దొరికిపోయాడు. కొరడా పైకి లేవబోతుండగా ఆమె ఓ బోలు కొమ్ము పట్టుకుని సభలోకి దూసుకొచ్చింది.

"ఆగండి మారాజా!" గొంతు చించుకుని అరిచింది. "గొణుగుబోతులను పట్టే కొమ్ము తెచ్చాను! ఇది చెవిలో ఉంటే ఒక్కడూ తప్పించుకోలేడు!"

రాజు ఉబ్బిపోయాడు. నాంచారి మెత్తటి మైనంతో ఆయన చెవి అచ్చు తీసి, దానికి తగ్గట్టు కొమ్ము సన్నకొసను చెక్కింది. "కాస్త సందున్నా మాట జారిపోతుంది దొరా!" అంటూ ఇంకా నున్నగా చెక్కి, బిగువుగా అమర్చింది.

రాజు ఉలిక్కిపడ్డాడు. పిచ్చుకల కిచకిచలు! పట్టుబట్టల గరగరలు! నాంచారి మొగుడు బొంగురు గొంతుతో "దాహం" అనడం కూడా!

"అరె, వీడూ స్పష్టంగా మాట్లాడుతున్నాడే!"

"కొమ్మును చూసి అందరూ దారికొచ్చారు మారాజా!"

రాజు వెంటనే అతని కట్లు విప్పించాడు. "ఇక దీంతో పనేముంది?" అని కొమ్ము తీసేశాడు. రాజుకు సభలో పెదవులు కదలడం కనిపించింది గానీ ఒక్క మాటా వినిపించలేదు.

"చూశావా! తీశానో లేదో, మళ్లీ మొదలుపెట్టారు వెధవలు!" అని గర్జించి, గబగబా కొమ్ము పెట్టేసుకున్నాడు.

బతికినన్నాళ్లూ మళ్లీ తీస్తే ఒట్టు.