దొంతిమడుగులో ఈగలవేట

వెలగలకోన అనే అడవిలో సన్నేరు అనే వాగు పారుతూ ఉండేది. ఆ వాగు ఒడ్డున కొంగలు, నీటికాకులు, నీటికుక్కలు, బావురుపిల్లులు కాపురముండేవి. అందరికీ తిండి ఒక్కటే, చేప. అందుకే తెల్లారిన దగ్గర్నుంచి వాళ్ల మధ్య తగువులే. ఒకరు పట్టిన చేపను ఇంకొకరు లాక్కునేవారు. ఒకరు కాచుకుని కూర్చున్న చోట ఇంకొకరు దబ్బున దూకి నీళ్లు కలబెట్టేవారు.

ఈ గొడవ పడలేక అందరూ కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. దానికి ఈగలవేట సంఘం అని పేరు. సంఘంలో చేరినవాళ్లు చేపల్ని తరిమి పట్టకూడదు. ఒక ఈగనో, ఉసిలినో ముక్కున కరుచుకొచ్చి నీటి మీద మెల్లగా వదలాలి. అలికిడి లేకుండా కూర్చోవాలి. ఈగ కోసం చేప పైకి వస్తే పట్టుకోవాలి, రాకపోతే ఊరుకోవాలి. పిల్లచేప దొరికితే మళ్లీ నీళ్లలోనే వదిలేయాలి.

ఈ పద్ధతి వచ్చాక తగువులు తగ్గాయి. వాగులో చేపలు కూడా పెరిగాయి.

ఎండాకాలం వచ్చిందంటే సంఘంలో సందడే సందడి. వాగు సన్నబడి అక్కడక్కడా మడుగులు మిగిలేవి. ఒక్కోసారి ఒక్కో మడుగుకు అందరూ కలిసి ప్రయాణం కట్టేవారు. చల్లపొద్దున బయలుదేరేవారు. ఎండ ముదిరేదాకా వేటాడి, నీడన చేరి కబుర్లు చెప్పుకుని, పొద్దు వాలేలోగా ఇళ్లకు వచ్చేసేవారు. వేసవి చివర్లో దొంతిమడుగు దగ్గర పెద్ద పోటీ ఉండేది. అందులో అందరికన్నా పెద్ద చేపను పట్టినవారే మళ్లీ వేసవి వరకు సంఘానికి పెద్ద.

కొన్నేళ్లుగా ఆ పెద్దరికం నల్లదొర అనే నీటికాకిది. నల్లదొర ఈగను నీటి మీద వదిలి, మెడ వంచి చూస్తూ ఉండేవాడు. చేప మూతి కనబడగానే బాణంలా మునిగి పట్టేసేవాడు. అంత లోతుకు మునగగలవాళ్లు ఆ అడవిలో మరొకరు లేరు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. తెలియనివాళ్లకు ఆయనే చెప్పేవాడు.

సంఘంలో సోమిని అనే గుడ్డికొంగ ఉండేది. గుడ్డికొంగ అన్నది జాతి పేరు మాత్రమే, సోమిని చూపు చాలా చురుకు. అందుకే ప్రయాణాలప్పుడు దారి చూపడం, అందరినీ క్షేమంగా ఇంటికి చేర్చడం ఆమె పని. ఆ పని ఒప్పుకున్న దగ్గర్నుంచి ఆమెకు కంటి నిండా నిద్ర లేదు. ఎవరు వెనకబడ్డారో, ఎవరు ముళ్లలో చిక్కుకున్నారోనని అస్తమానం వెనక్కి తిరిగి చూసుకునేది.

ఆ వేసవిలో సోమిని పరువు పోయింది. రెల్లుమడుగు దగ్గర మొసలి ఉందని ఆమె అరిచింది. అందరూ పడుతూ లేస్తూ గట్టెక్కారు. తీరా చూస్తే అది నానిన మొద్దు. తర్వాతి ప్రయాణంలో కార్చిచ్చు పొగ కనిపిస్తోందని అందరినీ సగంలోనే వెనక్కి తిప్పింది. అది మేకలమంద లేపిన దుమ్మని సాయంత్రానికి తెలిసింది. ఆ రోజు ఎవరికీ చేప దొరకలేదు. పిల్లలు ఆకలితో పడుకున్నారు. నల్లదొర అందరి ముందూ ఆమెను పట్టుకుని, నీ భయం నీ గూట్లో పెట్టుకుని రా తల్లీ, మా మీద రుద్దకు అన్నాడు. కొందరు నవ్వారు.

సోమినికి తల కొట్టేసినట్టయింది. ఇక ఏది కనబడినా నోరు మెదపనని తనకు తానే ఒట్టు పెట్టుకుంది.

పోటీ రోజు వచ్చింది. దొంతిమడుగు రెండు కొండగోడల నడుమ ఇరుకు లోయలో ఉంది. లోపలికి వెళ్లడానికి వాగు దారి ఒకటే. పైకి ఎక్కాలంటే ఒక పక్కన రాతి చీలిక ఉంది, అది కూడా నిట్టనిలువుగా ఉంటుంది. మడుగు మధ్యలో చిన్న ఇసుకదిబ్బ. నీటికుక్క చెంగయ్య తన పిల్లల్ని ఆ దిబ్బ మీద ఆడుకోమని వదిలి, తను ఈగ పట్టుకుని రాయి పక్కన కూర్చున్నాడు. పోలమ్మ అనే ముసలి బావురుపిల్లి ఇవతలి ఒడ్డున పంజా చాచి కాచుకుంది. నల్లదొర మడుగులోని పెద్ద బండ మీద రెక్కలు విప్పుకుని నిలబడ్డాడు.

లోయ పైన ఆకాశం నీలంగా, తేటగా ఉంది. ఉత్తరాన కొండల వెనక మాత్రం కాటుక పూసినట్టు ఒక మబ్బు. సోమిని దాన్ని చూసింది. ఎక్కడో దూరాన ఉందిలే అనుకుని చూపు తిప్పుకుంది. కాసేపటికి మళ్లీ అటే చూసింది.

మొదట్లో వేట జోరుగా సాగింది. నీటి మీద ఈగ వాలడమే ఆలస్యం, చేపలు మూతులు పైకెత్తుతున్నాయి. చెంగయ్యకు మంచి బొచ్చెచేప దొరికింది. అందరూ మెచ్చుకున్నారు. అంతలో నల్లదొర వదిలిన తూనీగ కింద నల్లటి వీపు ఒకటి కదిలి మాయమైంది. అది మడుగులోని ముసలి కొరమీను. ఇన్నేళ్లుగా ఎవరికీ చిక్కనిది. అందరూ అటే తిరిగి చూశారు. నల్లదొర మునిగాడు, తేలాడు, మళ్లీ మునిగాడు. చేప దొరకలేదు గాని ఆయన కళ్లు మెరుస్తున్నాయి.

ఆ తర్వాత చేపలు పైకి రావడం మానేశాయి.

సోమిని తన ఈగను వదిలి చూసింది. అది నీటి మీద గింగిరాలు తిరిగి ఒడ్డుకు కొట్టుకుపోయింది. ఏ చేపా దాన్ని ముట్టలేదు. ఇందాకటి దాకా ముసిరిన ఉసిళ్లు కూడా ఇప్పుడు లేవు. ఆమె నీళ్లలోకి తొంగిచూసింది. తన కాలివేళ్లు ఇందాక స్పష్టంగా కనబడ్డాయి, ఇప్పుడు మసకగా ఉన్నాయి. ఒక పచ్చి కొమ్మ తేలుతూ వచ్చింది. దాని ఆకులు వాడలేదు. ఎవరో అప్పుడే విరిచినట్టుంది.

సోమిని మళ్లీ ఆ నల్లమబ్బు వైపు చూసింది. నోరు తెరిచింది, మూసుకుంది. మళ్లీ మొద్దు సంగతే అవుతుందేమో. పోటీ పాడుచేసిందని ఈసారి సంఘంలోంచే పంపేస్తారేమో. పోనీ చెప్పకుండా ఊరుకుందామా అంటే, ఇసుకదిబ్బ మీద చెంగయ్య పిల్లలు ఒకదాని మీద ఒకటి దొర్లుతూ ఆడుకుంటున్నాయి.

ఉండబట్టలేక చెంగయ్య దగ్గరికి నడిచి, నీళ్లు మారినట్టున్నాయి చూడమని మెల్లగా చెప్పింది.

చెంగయ్య నిట్టూర్చాడు. "మళ్లీ మొదలుపెట్టావా సోమినక్కా? ఈ ఒక్కరోజు మమ్మల్ని వదిలెయ్యి."

ఆ మాటలో కోపం లేదు, విసుగు మాత్రమే ఉంది. సోమినికి అది కోపం కన్నా ఎక్కువ నొప్పి పెట్టింది. వెనక్కి వచ్చి ఒంటికాలి మీద నిలబడింది. అలా ఉండలేక రెండో కాలూ దించింది.

నేను భయపడుతున్నానని చెబితే ఎవరూ నమ్మరు, నమ్మకపోవడంలో వాళ్ల తప్పూ లేదు అనుకుంది. ఎందుకంటే అంతకుముందు కూడా ఆమె తన భయాన్నే చెప్పింది తప్ప, దగ్గరికి వెళ్లి చూసి చెప్పలేదు. మొద్దు దగ్గరికి వెళ్లలేదు. దుమ్ము దగ్గరికీ వెళ్లలేదు. ఈ ఆలోచన రాగానే ఏం చేయాలో ఆమెకు తెలిసింది. తెలిశాక భయం ఇంకా పెరిగింది.

ఆమె పోలమ్మ పక్కకు వెళ్లింది. "పోలమ్మత్తా, నేను వాగు పైకి వెళ్లి చూసి వస్తాను. నేను వచ్చేదాకా ఆ పిల్లల్ని దిబ్బ మీద నుంచి ఇవతలి ఒడ్డుకు తెచ్చి నీ దగ్గర పెట్టుకుంటావా? ఏమీ లేకపోతే మళ్లీ వదిలేద్దువు."

పోలమ్మ ఆమె మొహంలోకి చూసింది. చేపలు ఎలాగూ రావడం లేదు, ఒక్క పిల్లనైనా ఒళ్లో పెట్టుకుంటే వెచ్చగా ఉంటుంది అంటూ లేచింది.

సోమిని ఎగిరింది. లోయలో గాలి ఎదురుగా కొడుతోంది. ఆ గాలి చల్లగా ఉంది, తడిమట్టి వాసన వేస్తోంది. ప్రతి మలుపు దగ్గరా, ఈ మలుపు దాటి ఏమీ లేకపోతే వెనక్కి వెళ్లిపోదాం అనుకుంది. ఏమీ లేకపోతే బాగుండునని మొక్కుకుంది. నలుగురూ నవ్వినా పరవాలేదనుకుంది. రెక్కలు వెనక్కి లాగుతున్నాయి. అయినా ముందుకే వెళ్లింది.

చివరి మలుపు తిరిగేసరికి మొదట శబ్దం వినిపించింది. కొండ గుండెల్లోంచి వస్తున్న గురకలా ఉంది. తర్వాత కనబడింది. ఎర్రటి నీళ్లు గోడలా నిలబడి వస్తున్నాయి. ముందు భాగంలో చెట్ల మొదళ్లు, వేళ్లతో సహా, గడ్డిపరకల్లా దొర్లుతున్నాయి. కొండల మీద కుండపోతగా కురిసిన వాన అంతా ఈ ఇరుకులోకే దిగుతోంది.

ఒక్క క్షణం ఆమె రెక్క ఆడించడం కూడా మరిచిపోయింది. కిందికి జారి, తేరుకుని, వెనక్కి తిరిగింది. ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

మడుగు దగ్గర వాలగానే ఆమె కేకలు పెట్టలేదు. చూసింది చూసినట్టు చెప్పింది. "పైన మూడో మలుపు దగ్గర వరద వస్తోంది. ఎర్రనీళ్లు నా కళ్లతో చూశాను. చెట్లు కొట్టుకొస్తున్నాయి. వచ్చిన దారిన పోతే మనల్ని తరుముకొస్తుంది. రాతి చీలిక ఎక్కాలి, ఇప్పుడే."

చెంగయ్య తన కాళ్ల చుట్టూ ఉన్న నీళ్లు చూశాడు. అవి మోకాటి నుంచి పొట్ట దాకా వచ్చాయి. దిబ్బ వైపు తిరిగాడు. దిబ్బ లేదు. పిల్లల కోసం కంగారుగా చుట్టూ చూశాడు. అవి పోలమ్మ పక్కన కనబడ్డాయి. వెంటనే ఒక పిల్లను మెడ దగ్గర కరుచుకుని చీలిక వైపు పరుగెత్తాడు. పోలమ్మ ఇంకోదాన్ని కరుచుకుంది. ఎక్కి, దించి, మళ్లీ కిందికి వచ్చి మిగిలినవాటిని మోశారు. సోమిని ముందు ఎగురుతూ ఎక్కడ కాలు పెట్టాలో చూపించింది.

నల్లదొర మాత్రం బండ మీద నుంచి కదలలేదు. అప్పుడే మరో తూనీగను నీటి మీద వదిలాడు. దాని కింద మళ్లీ ఆ నల్లటి వీపు తిరిగింది.

సోమిని ఆయన మీదుగా తిరిగి వచ్చింది. "దొరా, వచ్చేయండి. మునిగి మునిగి మీ రెక్కలు తడిసిపోయాయి. ఆరకుండా మీరు ఎగరలేరు."

నల్లదొర ఆమె వైపు చూడనైనా లేదు. "కాళ్లతో పాకేవాళ్లకు చెప్పు ఆ మాట. రెక్కలున్నవాణ్ణి, వరద వచ్చినప్పుడు లేస్తాను. దీన్ని పట్టకుండా వస్తే నన్ను పెద్ద అని ఎవరంటారు?"

సోమిని ఇంకోసారి బతిమాలబోయింది. అంతలో మలుపు దగ్గర గోడ విరిగినట్టు చప్పుడైంది. ఆమె పైకి లేచింది. నల్లదొర కూడా లేచాడు. నీళ్లు ఓడుతున్న రెక్కలు రెండుసార్లు తపతప కొట్టాయి. బండకు జానెడు ఎత్తు లేచాడేమో, అంతే. ఎర్రనీళ్లు ఆయన్ను మింగేశాయి.

గట్టు మీదికి చేరినవాళ్లు కిందికి తొంగిచూశారు. చెంగయ్య పిల్లల్ని పొట్ట కిందికి లాక్కున్నాడు. దొంతిమడుగు ఉన్నచోట దొర్లే మొద్దులు, నురగ తప్ప ఏమీ లేదు.

గట్టెక్కినవాళ్లు బతికారన్న ఊరట సోమినికి చాలలేదు. అందరినీ ఇంటికి చేర్చడం తన పని. ఒకరు తక్కువయ్యారు. ఆమె వాగు వెంబడే కిందికి ఎగిరింది. ప్రతి పొదలోనూ వెతికింది. నల్లగా కనబడిన ప్రతి కొమ్మ మీదా వాలింది. ఎండ వాలుతుండగా లోయ బయట, తుంగపొదల్లో చిక్కుకుని ఉన్న నల్లదొర కనిపించాడు. ఒక రెక్క విరిగి వేలాడుతోంది. కళ్లు మూసుకుని ఉన్నాడు, కాని గొంతు దగ్గర ఊపిరి ఆడుతోంది. ఆమె కేక విని చెంగయ్య వచ్చాడు. ఇద్దరూ కలిసి ఆయన్ను గట్టుకు లాగారు.

నల్లదొర బతికాడు. విరిగిన రెక్క అతుక్కుంది గాని వంకరగా అతుక్కుంది. ఇక ఆయన లోతుకు మునగలేడు, ఎత్తుకు ఎగరలేడు. ఒడ్డున లోతు లేని నీళ్లలో నిలబడి పరక అనే చిన్నజాతి చేపల్ని ఏరుకునేవాడు. అవి చాలని రోజు చెంగయ్య తన చేపలో సగం ఆయన ముందు పెట్టి వెళ్లిపోయేవాడు.

ఆ ఏడు సంఘం పోటీ సంగతి ఎత్తలేదు. సోమినిని పెద్దగా ఉండమన్నారు. ఆమె చాలాసేపు ఒప్పుకోలేదు, చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకుంది. ప్రయాణంలో ఎవరికి భయం వేసినా బయటికి చెప్పాలి. విన్నవాళ్లు నవ్వకూడదు. అక్కడే నిలబడి వాదించుకోకుండా ఒకరిద్దరు వెళ్లి చూసి రావాలి.

ఒక సాయంత్రం నల్లదొర ఒడ్డున ఒంటరిగా కూర్చుని ఉండగా సోమిని వచ్చి పక్కన నిలబడింది. ఆయన అడిగాడు.

"ఎండుటాకు కదిలినా బెదిరేదానివి. ఆ రోజు వరదకు ఎదురుగా ఎలా వెళ్లావు?"

సోమిని ఆయన వైపు తిరిగింది. "వెళ్తున్నంతసేపూ భయంగానే ఉంది దొరా. కాని ఏముందో తెలియకుండా ఇక్కడ నిలబడటం అంతకన్నా కష్టంగా అనిపించింది."

నల్లదొర తల వంచుకున్నాడు. నాకు ఆ రోజు కాస్త భయం వేసి ఉంటే బాగుండేది అన్నాడు.

నీతి: భయం వేసినప్పుడు దాచుకోకూడదు, బెంబేలెత్తి కేకలూ పెట్టకూడదు. కారణమేమిటో వెళ్లి చూసుకున్నవారు తమనూ తమవాళ్లనూ కాపాడుకుంటారు. నాకేమీ కాదని గర్వపడేవారు ఆపద వచ్చాక గాని కళ్లు తెరవరు.