సొరబుర్రలో ఊ

అనగనగా చీనా దేశంలో ఒక రాజు. పిల్లలూ, ఈ కథకు మాత్రం ఊ కొట్టకండి. ఎందుకో మీకే తెలుస్తుంది.

ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. అంతఃపురం పెత్తనమంతా గావో అనే ముసలి నపుంసకుడిది. ఆరేళ్ళప్పుడు తల్లి దగ్గర్నుంచి లాక్కొచ్చి, కోటలోనే వాణ్ణి అలా చేశారు. అమ్మ పెట్టిన పేరు కూడా తీసేశారు. పాపం కదూ! కానీ వాడు కక్షతో మంత్రాలు నేర్చి రాజ్యం మీద కన్నేశాడు.

వాడి దగ్గర ఒక సొరబుర్ర ఉండేది. పట్టుతెర వెనక నిలబడి, ఎవరి గొంతుతోనైనా పేరుపెట్టి పిలిచేవాడు. ఊ అన్నవాడి గొంతు బుర్రలోకి పోయేది, మనిషి మట్టిబొమ్మయ్యేవాడు. పెద్దలు పిలిస్తే పలకకపోవడం ఆ కోటలో మహాపరాధం మరి!

ఒకనాడు భోజనాల వేళ, తెర వెనకనుంచి రాజుగారి గొంతు పెద్దకొడుకును పిలిచింది. "ఊ" అన్నాడు. మట్టి! రాణిగారి గొంతు రెండోవాణ్ణి పిలిచింది. "ఊ" అన్నాడు. మట్టి! మూడోవాడైన లియాంగ్‌నూ పిలిచింది. వాడి నోటినిండా వేడి కుడుము, పలకలేకపోయాడు. తెర కింద గావో చెప్పులు కనిపించాయి. లేచి కోట బయటికి పరుగెత్తాడు.

ఒకప్పుడు తాను వలలోంచి విడిపించిన కొంగ నది ఒడ్డున ఎదురైంది.

"గావో ప్రాణం ఏడు నదుల అవతల, వాళ్ళమ్మ గుడిసెలో, ఒక చిలకలో ఉంది. నా వీపెక్కు" అంది.

గుడిసెలో మనుషుల్లేరు. తిండీ నీళ్ళూ లేకుండా అరవై ఏళ్ళుగా చిలక ఒక్కతే ఉంది. లియాంగ్ దాని మెడ పట్టుకున్నాడు. అది చచ్చిపోయిన గావో తల్లి గొంతుతో, "ఒరే ఆబావ్, అన్నం చల్లారిపోతోంది, రారా!" అంది. లియాంగ్‌కు ఏడుపొచ్చింది. మెడ వదిలేసి, దాన్ని భుజాన పెట్టుకుని కోటకు తిరిగొచ్చాడు.

అప్పటికి సింహాసనం మీద రాజు కూడా మట్టే.

గావో తెర వెనకనుంచి రాజుగారి గొంతుతో పిలిచాడు. లియాంగ్ పలకలేదు. రాణిగారి గొంతుతో పిలిచాడు. పలకలేదు. మూడోసారి వాడికంటే ముందు చిలక పిలిచింది.

"ఒరే ఆబావ్, అన్నం చల్లారిపోతోంది, రారా!"

తెర వెనక అలికిడి ఆగిపోయింది. కాసేపటికి ఒక పసిగొంతు, "ఊ... వస్తున్నానమ్మా" అంది.

తెర తీస్తే ఆరేళ్ళ పిల్లవాడి మట్టిబొమ్మ ఉంది.

లియాంగ్ ఆ సొరబుర్ర మూత తీశాడు. తండ్రీ అన్నలూ లేచి కూర్చున్నారు. ఆబావ్ గొంతు మాత్రం బయటికి రాలేదు.

"నువ్వే ఏలు తమ్ముడూ" అన్నారు అన్నలు, తండ్రీ సరేనన్నాడు. లియాంగ్ రాజయ్యాడు, మంచి పిల్లను పెళ్ళాడాడు, అరవై ఏళ్ళు చల్లగా ఏలాడు. ఏ తల్లి బిడ్డనూ కోటకు లాక్కురాకూడదని మొదటిరోజే శాసనం వేయించాడు. రోజూ ఆ బొమ్మ ముందు వేడన్నం పెట్టించేవాడు. చిలక పిలిచేది. బుర్రలోంచి "ఊ" వినిపించేది. చూస్తూండగానే గిన్నె ఖాళీ అయ్యేది.

ఆ చిలక ఇంకా బతికే ఉందట. సరే, అన్నం చల్లారిపోతోంది, లేవండి.

ఎవర్రా ఇప్పుడు ఊ అన్నది?