ఎండిపోయిన తీర్పు

చిన్న కథ చెబుతాను. పొయ్యి మీద పెట్టిన అన్నం ఉడికేలోపు అయిపోతుంది.

వేగిసలకోన అనే అడవిలో ఎలుగుబంటి, ముళ్ళపంది, అడవిపంది, కొండముచ్చు, తీతువుపిట్ట ఉండేవి. నెమలి కూడా ఉండేది. ఈ కథలో దానికి పనేమీ లేదు. కానీ పేరు చెప్పకపోతే అలుగుతుంది. పోయినసారి చెప్పలేదని మూడు రోజులు పురి విప్పలేదు. అడవికి మూడు రోజులు కాస్త విశ్రాంతి దొరికింది.

కుందేలు గురించి కూడా ఒక మాట. అది తెల్లారిన దగ్గర్నుంచి పరుగెత్తుతూనే ఉంటుంది. ఎక్కడికని అడిగితే ఆగి ఆలోచిస్తుంది. తీతువుపిట్ట ఏమీ జరగకముందే అరుస్తుంది. ఏదైనా జరిగాక, "నేను ముందే చెప్పానుగా!" అంటుంది. తాబేలు సంగతి చెప్పాలంటే అది ఇంకా రాలేదు.

సరే, అన్నం పొంగేలా ఉంది. కథలోకి వద్దాం.

ఆ అడవికి న్యాయాధికారి ఎలుగుబంటి. పేరు నల్లప్పయ్య. దాని తండ్రి కూడా న్యాయాధికారే. తండ్రి మంచివాడని అందరూ అనేవాళ్ళు. అందుకని కొడుకు కూడా మంచివాడే అయి ఉంటాడని ఊరుకున్నారు.

న్యాయస్థానం ఒక పెద్ద వేగిస చెట్టు కింద ఉండేది. చెట్టు మానుకు అడ్డాకులతో కుట్టిన తెర వేలాడేది. ఇద్దరి మాటా విన్నాక ఎలుగుబంటి ఆ తెర వెనక్కి వెళ్ళాలి. బాగా ఆలోచించి, బెరడు మీద గోటితో తీర్పు గీయాలి. ఒక గీత గీస్తే ఫిర్యాదు చేసినవాడు గెలిచినట్టు. రెండు గీతలైతే ఓడినట్టు. తర్వాత కొండముచ్చు తెర ఎత్తుతుంది. ఓడినవాడు చెట్టుకు తల వంచి వెళ్ళిపోవాలి. ఇదీ ఆచారం.

కొండముచ్చుకు తెర ఎత్తడం ఒక్కటే ఉద్యోగం. కానీ అది నడిచే తీరు చూస్తే చెట్టును కూడా అదే నాటిందనుకుంటారు.

ఒకరోజు అడవిపంది కోరయ్య ఫిర్యాదు తెచ్చింది.

"వాగు పక్కన ముళ్ళపంది ఉంటున్న బొరియ మాది. మా తాత తవ్వాడు. నాకు ఇప్పించండి," అంది.

అది అబద్ధం. ఆ బొరియను ముళ్ళపంది సూదెమ్మ తన గోళ్ళతో తానే తవ్వుకుంది. వేసవిలో చల్లగా ఉంటుందని అడవిపంది కన్ను దాని మీద పడింది. సూదెమ్మకు వారం కిందటే ఇద్దరు పిల్లలు పుట్టారు. వాటి ముళ్ళు ఇంకా గట్టిపడలేదు, గడ్డిపరకల్లా మెత్తగా ఉన్నాయి. బొరియ పోతే ఆ పిల్లలు తోడేళ్ళ పాలే.

విచారణ రోజున అడవి అంతా వచ్చింది. న్యాయం మీద ప్రేమతో వచ్చారని కాదు. ఆ రోజు ఎవరికీ వేరే పని లేదు.

అడవిపంది చాలాసేపు మాట్లాడింది. తాత గురించి చెబుతూ ఏడ్చింది కూడా. ఎలుగుబంటి కళ్ళు మూసుకుని వింది. మధ్యలో గురక వినిపించింది. లోతుగా ఆలోచిస్తున్నారని కొండముచ్చు అందరికీ సైగ చేసింది.

తర్వాత సూదెమ్మ ముందుకు వచ్చింది. "అయ్యా, ఆ బొరియ..." అని నోరు తెరిచింది.

ఎలుగుబంటి కళ్ళు తెరిచింది. "చాలు. అంతా అర్థమైంది," అంది.

"నేనింకా మొదలే పెట్టలేదు కదయ్యా!"

"మొదలు వింటే చివర తెలుస్తుంది. ఇన్నేళ్ళ అనుభవం నాది."

ఎలుగుబంటి తెర వెనక్కి వెళ్ళింది. రెండుసార్లు దగ్గింది. బయటికి వచ్చింది. కొండముచ్చు తెర ఎత్తింది. బెరడు మీద ఒకటే గీత ఉంది.

"కోరయ్య గెలిచాడు. ఇప్పుడే, ఇద్దరి మాటా విని, ఆలోచించి గీశాను. సూదెమ్మా, ముళ్ళు దించి చెట్టుకు తల వంచు. సాయంత్రానికి బొరియ ఖాళీ చెయ్యి," అంది ఎలుగుబంటి.

సూదెమ్మ తల వంచలేదు. చెట్టు దగ్గరికి నడిచి వెళ్ళి, ఆ గీతను వాసన చూసింది.

"అయ్యా, దీన్ని ఎప్పుడు గీశారు?"

"ఇప్పుడేనని చెప్పానుగా!"

"నేను పుట్టినప్పటి నుంచి బెరడు కొరికి బతుకుతున్నదాన్ని. వేగిస చెట్టుకు గాయమైతే ఎర్రటి రసం కారుతుంది. ఈ గీత నల్లబడి గట్టిపడింది. ఇది నిన్నటి గీత. నిన్నటికి నా మాట మీరు వినలేదు. నేటికీ వినలేదనుకోండి."

జంతువులు గుసగుసలాడాయి. ఎలుగుబంటి ముఖం ఎర్రబడింది. ఒంటినిండా నల్లటి బొచ్చు కాబట్టి ఎవరికీ కనిపించలేదు.

"న్యాయస్థానంలో నోరు పారేసుకుంటావా! ముళ్ళు దించు!"

"దించను. తప్పు చేసినప్పుడు దించుతాను. ఇప్పుడు తప్పు చేసింది నేను కాదు."

"నిన్ను అడవి నుంచే వెళ్ళగొడతాను!"

"వెళ్ళగొట్టండి. ముందు నా మాట విని వెళ్ళగొట్టండి."

"గీసిన తీర్పు చెరగదు!" అని గర్జించింది ఎలుగుబంటి.

"చెరగకపోతే మానె," అంది సూదెమ్మ. ముందుకు వంగి, గీత ఉన్న బెరడును పళ్ళతో కొరికేసింది. నమిలింది. మింగింది.

అడవి అంతా నోరు తెరిచింది. తీర్పును తిన్నవాళ్ళను అంతకుముందు ఎవరూ చూడలేదు.

కొరికిన చోట ఎర్రటి రసం ఊరింది. బొట్లు బొట్లుగా మాను మీదుగా జారింది.

"చూడండి. ఇప్పుడే అయిన గాయం ఇలా ఉంటుంది," అంది సూదెమ్మ.

అందరూ చూశారు. తీతువుపిట్ట రెక్కలు టపటపలాడించింది.

"నా గుడ్ల తగాదాలో కూడా గీత నల్లగానే ఉంది! నేను ముందే చెప్పానుగా!"

నిజానికి అది ముందు చెప్పలేదు. ఆ ఒక్కసారే చెప్పాల్సింది. చెప్పకుండా తల వంచి వెళ్ళిపోయింది. కుందేలుకు కూడా తన గీత గుర్తొచ్చింది. దుప్పికి గుర్తొచ్చింది. అందరూ ఎలుగుబంటి వైపు తిరిగారు.

"వినండి అయ్యగారూ. మేం కూర్చుంటాం. మీరు వినండి," అంది దుప్పి.

కదలకుండా కూర్చున్నారు. కుందేలు కూడా కూర్చుంది. అప్పుడు ఎలుగుబంటికి కొంచెం భయం వేసింది.

గతిలేక మళ్ళీ విచారణ మొదలుపెట్టింది. ఈసారి సూదెమ్మ చివరిదాకా మాట్లాడింది. ఏ వానాకాలంలో తవ్విందో, ఎక్కడ బండ అడ్డొస్తే మలుపు తిప్పిందో, పిల్లలు ఏ మూల పడుకున్నాయో చెప్పింది. తర్వాత అడవిపంది వైపు తిరిగింది.

"కోరయ్యా, మీ తాత తవ్విన బొరియలో మలుపులెన్ని?"

"మా ఇళ్ళల్లో మలుపులు లెక్కపెట్టే అలవాటు లేదమ్మా."

"పోనీ, అందులో నీ తల పడుతుందా?"

అడవిపంది తన భుజాల వైపు చూసుకుంది. "మా తాత సన్నగా ఉండేవాడు," అంది.

దుప్పి నవ్వింది. ఆ నవ్వు అటు చివర ఉన్న నెమలిదాకా పాకింది.

ఎలుగుబంటి తెర వెనక్కి వెళ్ళబోయింది. "తెర వద్దు, మా ముందే గీయండి," అన్నారు అందరూ. కొండముచ్చు తెర తీసి పక్కన పెట్టింది. ఎలుగుబంటి అందరి ముందూ రెండు గీతలు గీసింది. ఎర్రటి రసం కారింది. బొరియ సూదెమ్మదేనని తేలింది.

సూదెమ్మ నిటారుగా ఉన్న ముళ్ళతోనే పిల్లల దగ్గరికి బయలుదేరింది. మిగతావాళ్ళు కూడా లేచారు. ఎలుగుబంటిని ఏం చెయ్యాలని ఒక్కరూ అడగలేదు. పోనీలే, బద్ధకం కొద్దీ ముందే గీసి ఉంటాడని అనుకున్నారు. ఈ అడవి జంతువులు అంతే. ఒక ముల్లు తీస్తే కాలు నయమైందనుకుంటాయి. ఎలుగుబంటి కూడా గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు అడవిపంది లేచి నిలబడింది. దానికి కోపంతో కోరలు వణుకుతున్నాయి.

"అందరూ ఆగండి! నాదింకో ఫిర్యాదు ఉంది. నల్లప్పయ్య మీద!"

అందరూ ఆగారు.

"నిన్న ఆయన గుహకు రెండు బుట్టల ఇప్పపూలు మోశాను. నా ఎదురుగానే తిన్నాడు. తిని, ఈ చెట్టు దగ్గరికి వచ్చి నా ఎదురుగానే గీత గీశాడు. ఇవాళ మాట మార్చాడు. ఇదేం న్యాయం?"

"నోరు ముయ్యరా!" అంది ఎలుగుబంటి.

"ఎందుకు ముయ్యాలి? నేను అబద్ధాలకోరునా? ఆయన మూతి వాసన చూడండి!"

చూశారు. ఇప్పపూల వాసన వచ్చింది.

ఫిర్యాదు వస్తే వినాలి కదా. విన్నారు. అడవిపంది చెప్పింది విన్నారు, ఎలుగుబంటి చెప్పింది కూడా చివరిదాకా విన్నారు. ఎవరు గీయాలన్న ప్రశ్న వచ్చింది. గోళ్ళున్నవాళ్ళలో దగ్గరగా ఉన్నది కొండముచ్చు కాబట్టి అదే గీసింది. ఒక గీత. రసం ఎర్రగా కారింది.

ఎలుగుబంటి పదవి పోయింది. లంచం ఇచ్చినందుకు అడవిపంది ఏడాదిపాటు ఇప్పచెట్ల నీడకు కూడా రాకూడదన్నారు. ఆ రోజు అది రెండు ఫిర్యాదులు చేసింది. ఒకటి ఓడిపోయింది, ఒకటి గెలిచింది.

నీతి: వినకముందే రాసిన తీర్పు తీర్పు కాదు, దానికి తల వంచడం మర్యాదా కాదు.